రికార్డులో 0.38

మదనపల్లెలో ఒక డిగ్రీ కళాశాల స్నాతకోత్సవానికి వచ్చిన విశ్రాంత భూభౌతిక శాస్త్రవేత్త మర్యాదలన్నీ చిటికెలో ముగించారు. "వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేర్లు చదివితే భోజనాల వేళ దాటుతుంది. 1919లో రవీంద్రుడు ఈ ఊరి బిసెంట్ థియోసాఫికల్ కళాశాలలో జనగణమనను ఇంగ్లిషులోకి మార్చిన సంగతి ప్రతి వక్తా చెప్పే ఉంటాడు. అదీ అయింది" అంటూ నేరుగా రాళ్ల సంగతిలోకి వెళ్లిపోయారు.

ఆమె ఉద్యోగ జీవితం చాలావరకు కుప్పం పొలాల్లోనే గడిచింది. చేతిలో ప్రోటాన్ మాగ్నెటోమీటర్. కర్ర చివర ఓ సీసా, అందులో కిరోసిన్ లాంటి ద్రవం, చుట్టూ తీగచుట్ట. ద్రవంలోని ప్రతి హైడ్రోజన్ కేంద్రకమూ ఓ బుల్లి అయస్కాంతమే. తీగలో కరెంటు పంపి వాటిని ఒక వైపు తిప్పి, ఠక్కున ఆపేస్తే, అవి భూమి అయస్కాంత క్షేత్రం చుట్టూ బొంగరాల్లా ఊగుతాయి. ఈ ప్రాంతంలో అయితే సెకనుకు సుమారు 1,700 సార్లు. ఆ వేగాన్ని బట్టి క్షేత్రం ఎంతో తేలుతుంది. పరికరం మోసే మనిషి ఒంటి మీద ఇనుము ఉండకూడదు. తాళంచెవులు, గొడుగు సరే, చీర పిన్నీసులు కూడా తీసి గట్టున పెట్టేవారట.

ఒక వేరుశనగ చేలో రీడింగులు నిలకడగా వస్తూ వస్తూ, నాలుగడుగుల తేడాలో కొన్ని వందల నానోటెస్లాలు ఎగిరాయి. పైన చూస్తే ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. వెంట నడుస్తున్న రైతు ఆశగా అడిగాడు: "ఏమ్మా, నీళ్లుండాయా?"

"నీళ్ల సంగతి ఈ పెట్టెకు తెలీదన్నా. కింద నల్లరాతి గోడ ఉంది."

ఆ గోడే డైక్. పగుళ్లలోకి ఎగదన్నిన శిలాద్రవం గడ్డకట్టిన డోలరైట్. వ్యాపారులు బ్లాక్ గ్రానైట్ అని అమ్మేది చాలాచోట్ల దీన్నే. పల్లానికి పారే భూగర్భ జలాన్ని అది కొన్నిచోట్ల అడ్డుకుంటుంది కాబట్టి, ఎగువ వైపు బోరు వేస్తే అవకాశం కాస్త ఎక్కువని మాత్రం చెప్పారు. "కొబ్బరికాయ పట్టుకుని నీళ్లు చెప్పేవాడికి దక్కే గౌరవం నా పెట్టెకు ఏనాడూ దక్కలేదు" అనగానే సభ నవ్వింది.

నీళ్లు పెట్టెకు ఎందుకు తెలియవో కూడా వివరించారు. నీరు, రాగి డయా అయస్కాంత పదార్థాలు. క్షేత్రం నుంచి పట్టీపట్టనట్టు పక్కకు తొలగుతాయి. అల్యూమినియం పారా, కొద్దిగా దగ్గరికొస్తుంది. ఇనుము, నికెల్, కోబాల్ట్ ఫెర్రో. వీటిలో పరమాణువులు డొమైన్లుగా జట్టుకట్టి తమంతట తామే ఒకే దిక్కుకు తిరుగుతాయి. నల్లరాతిలోని మాగ్నటైట్‌ది వేరే తంతు. అందులో రెండు జట్లు ఎదురెదురుగా నిలుస్తాయి గానీ బలాలు సమానం కావు. మిగిలిన తేడాయే బయటికి కనిపిస్తుంది. దీన్ని 1948లో వివరించిన లూయీ నీల్‌కు 1970లో నోబెల్ వచ్చింది.

మాగ్నటైట్ 580 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ వరస చెదిరిపోతుంది. చల్లారేటప్పుడు మాత్రం ఆనాటి భూక్షేత్రం దిశను తనలో దాచుకుంటుంది. దక్షిణాదిన తూర్పు పడమరలుగా సాగిన డైకుల వయసు దాదాపు 237 కోట్ల ఏళ్లు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఇతరులతో కలిసి వాటిని కొలిస్తే, దాచుకున్న దిశ దాదాపు నిట్టనిలువుగా తేలింది. ఇవాళ ఇక్కడ అయస్కాంత సూది కిందికి వాలేది పదిహేను డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. నిలువుగా వాలేది ధ్రువాల దగ్గరే. "మా ఊరు చల్లనని గొప్పలు పోతారే, అప్పట్లో ఈ నేల ధ్రువం పక్కనే ఉండేది!"

పుంగనూరు ఆవుల ప్రస్తావన కూడా వచ్చింది. పశువులు సరిగా నమలకుండా మేతతో పాటు మేకులూ తీగముక్కలూ మింగేస్తుంటాయి. పశువైద్యులు వేలెడంత అయస్కాంతాన్ని మింగిస్తే, అది కడుపు రెండో గదిలో ఉండిపోయి వాటిని పట్టి ఉంచుతుంది. కడుపు గోడకు, గుండెకు గుచ్చుకోనివ్వదు. రాగితీగ మింగితే మాత్రం ఆ వైద్యం పనిచేయదు. "డయా, ఫెర్రో తేడా రెండు మార్కుల ప్రశ్న అనుకున్నారు కదూ?"

ఇక్కణ్నుంచి గొంతు మారింది. ఆమె అసలు బెంగ ప్రాక్టికల్ రికార్డు. తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే స్టీవర్ట్–గీ ప్రయోగంలో భూక్షేత్రపు క్షితిజ అంశం 0.38 గాస్ అని తరతరాలుగా రాస్తూనే ఉన్నారు. ఈ ప్రాంతంలో అది 0.40 దరిదాపుల్లో ఉంటుంది. లేబొరేటరీలో ఇనుప స్టూలు, గోడలో కడ్డీలు, పక్కన ఫ్యాను మోటారు ఉంటే ఇంకోలా ఉంటుంది. "అయినా ప్రతి రికార్డులో 0.38! సీనియర్ రికార్డు, వాడి సీనియర్ రికార్డు... ఆ అంకె ఎక్కణ్నుంచి వచ్చింది నాయనా? ఎవరైనా కొలిచారా? జేబులో ఫోనుంది. అందులో దిక్సూచి పనిచేసేది మాగ్నెటోమీటర్ ఉండబట్టే. దాన్ని పెట్టుకుని మీరు చూసేది రీల్సు!"

అధ్యాపకులకూ అక్షింతలు పడ్డాయి. జవాబు సరిపోయిన రికార్డుకే మార్కులు వేస్తే పిల్లలు రీడింగులు వండక ఏం చేస్తారని నిలదీశారు. అంకె తేడాగా వస్తే, ఎందుకొచ్చిందో రాసిన వాళ్లకు ఎక్కువ మార్కులు వేయాలన్నారు.

వచ్చే సెలవుల్లో కుప్పం క్వారీలకు బస్సు మాట్లాడితే ముందు సీట్లో తానే కూర్చుంటానన్నారు. ఒక్కొక్కరూ దారానికి కట్టిన అయస్కాంతం తెచ్చుకుంటే చాలట. అందరూ చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చాక రికార్డులు కూడా తానే దిద్దుతాననేసరికి ఆ చప్పట్లు సగానికి తగ్గాయి.