చాబీవాలాకు లైసెన్సు ఎవరిస్తారు?

(వృత్తిదారుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు అప్పగించిన అంశం చిన్నదిగానే కనిపిస్తుంది: తాళాలు బాగుచేసి, మారు తాళంచెవులు చేసే పనివారికి ఏ అనుమతులు కావాలి? గొడుగు కింద ఒక పెట్టె, ఒక ఆకురాయి, తీగకు గుచ్చిన చెవుల గుత్తి పెట్టుకొని కూర్చునే చాబీవాలాలలో మనవారు ఎందరో ఉన్నారు. పేటలో దొంగతనం జరిగితే వారిని పిలిపించడం కొత్త సంగతి కాదు. అప్పుడు వారిని నిలదీసే ప్రశ్న ఒకటే: "నీ లైసెన్సు ఏది?"

అమెరికాలోని టెక్సాస్, కాలిఫోర్నియా రాష్ట్రాలలో ఈ వృత్తికి ప్రత్యేక లైసెన్సు ఉంది. వేలిముద్రలు ఇవ్వాలి, నేరచరిత్ర పరిశీలన జరగాలి. ఇంగ్లండులో అటువంటిది లేదు. మన పార్లమెంటు కూడా ఈ వృత్తికంటూ లైసెన్సు చట్టమేదీ చేయలేదు. దుకాణం తెరిచినవారు అందరు వ్యాపారుల వలెనే పురపాలక సంస్థ నుండి ట్రేడ్ లైసెన్సు, దుకాణాల చట్టం కింద రిజిస్ట్రేషను పొందాలి. అంతే. లేని లైసెన్సును చూపలేదని ఎవరినీ దోషిగా నిలబెట్టజాలరు. దొంగతనం జరుగుతుందని తెలియక చెవి చేసి ఇచ్చినవాడు నేరానికి తోడ్పడినవాడు కాడు. ఉద్దేశపూర్వకంగా సహాయం చేస్తేనే అది ప్రేరేపణ అవుతుంది.

అయితే చట్టం తెలిసినంత మాత్రాన బాజారులో బలం రాదు. చేతిలో ఒక కాగితం ఉండాలి. అటువంటి కాగితాలు రెండు ఉన్నాయి.

మొదటిది 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద ఇచ్చే వెండింగ్ సర్టిఫికెట్. ఈ చట్టం కూరగాయల బండ్లకే అనుకోవడం పొరపాటు. వీధిలో ప్రజలకు సేవలందించేవారు కూడా అందులోని నిర్వచనంలోకి వస్తారు. అంటే మన చాబీవాలా కూడా. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేవరకు ఎవరినీ ఖాళీ చేయించరాదని 3వ సెక్షను చెబుతోంది. ఖాళీ చేయించవలసి వస్తే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. గడువు దాటాక పెట్టెను స్వాధీనం చేసుకున్నా, జాబితా రాసి నకలు చేతికివ్వాలి; రుసుము చెల్లించి అడిగినప్పుడు రెండు పనిదినాలలో తిరిగి ఇవ్వాలి. ఆ జాబితా అడిగి తీసుకోండి. జాబితా లేకుంటే మీ ఆకురాళ్లు ఎన్ని పోయాయో నిరూపించేదెవరు?

పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఎన్నిక కావాలి. వారిలో మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలని ఆ చట్టంలోనే రాసి ఉంది. మనం చట్టసభలలో స్థానాల కొరకు ఎంతో మాట్లాడుతాము, మాట్లాడవలసిందే. కాని బండి ఎక్కడ నిలవాలో తేల్చే ఈ కమిటీ ఎన్నికల గురించి ఏ మసీదు అరుగు మీదా చర్చ వినలేదు.

రెండవది, 2023 సెప్టెంబరులో ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం. పేరు చూసి ఇది ఒక కులానికి సంబంధించినదని మనవారు ఆగిపోతున్నారు. అందులోని 18 వృత్తులలో తాళాల తయారీ ఒకటి. కులం, మతం అనే షరతు లేదు. సర్టిఫికెట్, గుర్తింపు కార్డు, శిక్షణ దినాలకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, పూచీకత్తు లేకుండా మొదటి విడతగా లక్ష వరకు రుణం ఉన్నాయి. రుణానికి 5 శాతం వడ్డీ ఉంది. వడ్డీ విషయంలో సంశయం ఉన్నవారు రుణం జోలికి పోకుండా కార్డు, శిక్షణ, పనిముట్ల వరకే ఆగవచ్చు. ఆ కార్డు లైసెన్సు కాదు. కాని ఈ మనిషి వృత్తి ఇది అని ప్రభుత్వమే రాసిచ్చిన కాగితం.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ప్రత్యేక లైసెన్సు తెస్తే అనుమానాలు పోతాయని కొందరు మిత్రులు అంటున్నారు. పోలీసు స్టేషను ధ్రువీకరణ మీద ఆధారపడే లైసెన్సు వస్తే, అనుమానంతో ఎన్నోసార్లు పిలిపించబడిన మనిషికే అది దక్కదు. నమోదు పురపాలక సంస్థ చేతిలో ఉండాలి, పోలీసు చేతిలో కాదు. దానికి బదులు మన పనివారే ఒక నోటు పుస్తకం పెట్టుకోవచ్చు: మారు చెవి చేయించుకున్నవారి పేరు, ఫోను నంబరు, తేదీ. కారు తాళమైతే ఆర్.సి. చూడకుండా చేయవద్దు. ఇంటి తలుపు తీయమంటే పొరుగువారిని పిలిపించండి. ఏ చట్టమూ అడగని పని ఇది. కాని ప్రశ్న వచ్చిన రోజున జవాబు ఆ పుస్తకమే చెబుతుంది.

విశ్వకర్మ దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటరులో చేయాలి. ఆధార్, దానికి జోడించిన ఫోను, బ్యాంకు పుస్తకం, రేషను కార్డు తీసుకువెళ్లండి. స్వనిధి రుణం తీసుకున్నవారు పూర్తిగా తీర్చి ఉండాలి. ఒక కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. అయితే వారి లెక్కలో కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. కనుక తండ్రి పక్కన కూర్చుని అదే పని చేస్తున్న పెళ్లయిన కొడుకు తన పేరున వేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు.