చుక్క వెనక చెట్టు

శాతవాహన విశ్వవిద్యాలయంలో పట్టాలు అందుకుంటున్న మీతో నాకు తెలిసిన పని గురించే మాట్లాడతాను.

ఉపగ్రహ చిత్రాల్లో అడవిని చదవడం నా వృత్తి. 1988 మార్చిలో మన ఐఆర్‌ఎస్‌-1ఎ ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది. దాని మొదటి కెమెరా తీసిన చిత్రంలో ఒక చుక్క నేల మీద 72.5 మీటర్ల చదరం. మన లెక్కలో ఎకరం పన్నెండు గుంటలు. ఒక చెల్క, పక్కన వాగు, గట్టు మీది ఇప్పచెట్లు అన్నీ కలిసి ఒకే రంగుగా వచ్చేవి. ఇప్పటి సెంటినెల్‌-2 చిత్రంలో ఒక చుక్క దాదాపు ఒక గుంట. అదీ ఉచితంగా దొరుకుతుంది. మీ అదృష్టం చూస్తే నాకు సంతోషం, దాంతోపాటే ఒక బెంగ.

పచ్చని ఆకు ఎర్రకాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనబడని పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. ఆ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ. ఆ అంకెనే అడవి అనుకుంటున్నారు. నా బెంగ అదే.

ఆదిలాబాద్‌ గుట్టల్లో టేకు ఎండాకాలం ఆకు రాలుస్తుంది. మార్చి, ఏప్రిల్‌ చిత్రాల్లో ఉట్నూరు, జన్నారం అడవుల అంకె పడిపోతుంది. అదే రోజు కాగజ్‌నగర్‌ వైపు జామాయిల్‌ తోట పచ్చగానే ఉంటుంది. ఒక్క చిత్రం చూసి రాసేవాడు అడవి పోయిందనీ తోట బాగుందనీ రాస్తాడు. సెప్టెంబరులో పత్తి చేను, అడవి దాదాపు ఒకేలా కనిపిస్తాయి. గుట్టల్లో ఇంకో చిక్కుంది. ఈ ఉపగ్రహాలు మన మీదుగా ఉదయం పదిన్నర ప్రాంతంలో పోతాయి. చలికాలం ఆ వేళకు ఎండ ఆగ్నేయం నుంచి ఏటవాలుగా పడుతుంది. కెరమెరి ఘాట్‌లో వాయవ్యం వైపు వాలు నీడలో ఉండిపోతుంది. రెండు వాలుల మీదా ఒకటే టేకు, పటంలో మాత్రం రెండు రకాల అడవి. హిమాలయాల్లోనైతే లోయలకు లోయలే ఇలా నీడలో మునుగుతాయి. నేల ఎత్తుల లెక్క కలిపి సవరించందే ఆ చిత్రాన్ని నమ్మకూడదు.

ఒక ఏడాది అక్టోబరులోనే ఉట్నూరు వైపు ఒక వాలు చిత్రంలో గోధుమరంగుకు తిరిగింది. వెళ్లి చూశాం. మాతో వచ్చిన గోండు పెద్దమనిషి టేకాకు తెంపి ఎండకు పట్టాడు. ఈనెలు మాత్రం వలలా మిగిలాయి. అడుగున సన్నని పురుగు. “పురుగు తిన్నది, చెట్టుకేం కాదు, మళ్ల చిగురిస్తది” అన్నాడు. ఆ సంగతి ఏ అంకె చెబుతుంది?

ఈమధ్య ఒకచోట పటాలు గీసే పిల్లలతో కూర్చున్నాను. పటాలు ముచ్చటగా ఉన్నాయి. నల్లమద్ది ఆకు ఎట్లుంటదని అడిగితే ఫోన్లు తీశారు. ఏంది బిడ్డా ఇది? గంట దూరంలో అడవి పెట్టుకుని ఫోన్లో వెతుకుతారా?

ఇది చదువుల ముచ్చటే అయితే నేనింత చెప్పను. 2006 అటవీ హక్కుల చట్టం కింద గిరిజనుల సాగుకు గడువు తేదీ 2005 డిసెంబరు 13. ఆనాటికి అక్కడ చెల్క ఉందా లేదా అని పాత చిత్రాలు తీసి చూస్తారు. పోడు చేనులో ఇప్పచెట్లను కొట్టరు, ఉంచుతారు. పైనుంచి చూస్తే అది చెట్లున్న నేల. మన అటవీ సర్వే లెక్కలో ఒక హెక్టారు, పది శాతం చెట్ల నీడ ఉంటే చాలు, అడవి కిందికే వస్తుంది. ఆ చట్టం కింద 2012లో వచ్చిన సవరణ నియమాల్లో మాత్రం ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, బదులు కాదని రాశారు. ఈ మాట చాలామంది చదవలేదు. మీరు చదవండి.

రేపు మీలో కొందరు ఈ హక్కులు తేల్చే కుర్చీల్లో కూర్చుంటారు. మీరు గీసే ప్రతి పటం కింద చిత్రం తీసిన తేదీ రాయండి, కాలినడకన చూసొచ్చిన చోట్ల పేర్లు రాయండి. ఆ రెండూ లేని పటం మీద, ఎవరు తొందరపెట్టినా, సంతకం పెట్టకండి.