ఇచ్చే ముందు అడగండి

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది కొన్నేళ్ళలో తాము చదువుకున్న సర్కారు బడికి ఏదో ఒకటి ఇస్తారు. పూర్వ విద్యార్థుల సమ్మేళనం జరుగుతుంది, వాట్సాప్ గ్రూపులో చందాలు పోగవుతాయి, ఒక బీరువానో నాలుగు ఫ్యాన్లో కొని దాతల పేర్లు ఎర్ర రంగుతో రాయిస్తారు. మంచిదే. అయితే ఇచ్చిన ప్రతి రూపాయీ చదువుగా మారదు. ఎక్కడ మారుతుందో, ఎక్కడ మారదో తెలుసుకుని ఇవ్వమనే నా మనవి.

దీనికి మన నేల మీదే సాక్ష్యం ఉంది. జిష్ణు దాస్, కార్తీక్ మురళీధరన్ తదితరులు 2013లో ప్రచురించిన అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని పల్లె ప్రాథమిక బడుల్లో జరిగింది. లాటరీ పద్ధతిలో ఎంపికైన బడులకు రెండేళ్ళపాటు అదనపు నిధి ఇచ్చారు. అందులో ఎక్కువ భాగం నోటుపుస్తకాలకు, పలకలకు, తరగతి సామగ్రికి ఖర్చయింది. మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది ఆ ఫలితం కనిపించలేదు. డబ్బు వస్తుందని ముందే తెలియడంతో తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకున్నారు. వాళ్ళను తప్పుపట్టలేం. బడిలోనే పుస్తకాలిస్తారంటే కూలి చేసుకునే తల్లి ఆ డబ్బు మరో అవసరానికి వాడుకుంటుంది. ఇంటికి మేలు జరిగింది, చదువుకు మాత్రం కొత్తగా కలిసింది లేదు. కాబట్టి ఎవరూ ఖర్చు పెట్టని చోటు వెతకాలి. సర్కారు బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్షా పథకం నిబంధనల ప్రకారం 30 మంది పిల్లలకు మించని బడికి ఏడాదికి దక్కే కాంపోజిట్ గ్రాంటు 10,000 రూపాయలు. 100 మంది దాకా అయితే 25,000. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, ఫినాయిలు, చిన్నాచితకా మరమ్మతులు అన్నీ అందులోంచే. మరుగుదొడ్డి కట్టించడానికి దాత దొరుకుతాడు. నీళ్ళ మోటారు కాలిపోతే బాగుచేయించడానికి దొరకడు. మరమ్మతు మీద పేరు రాయించుకోవడానికి చోటుండదు కదా!

డబ్బు కన్నా సమయం విషయంలో సాక్ష్యం ఇంకా స్పష్టం. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో జరిగిన ఒక అధ్యయనంలో ఊరూరా సభలు పెట్టి, బడి కమిటీ హక్కులేమిటో జనానికి చెప్పారు. బడిలో ఏమీ మారలేదు. కొన్ని ఊళ్ళలో మాత్రం స్థానిక యువతకు కొద్దిపాటి శిక్షణనిచ్చి, బడి వేళల తర్వాత చదవడం నేర్పించారు. వచ్చిన పిల్లలు బాగా ముందుకెళ్ళారు. చిక్కల్లా వచ్చినవాళ్ళు కొద్దిమందే కావడం. అందుకే స్వచ్ఛంద సేవ టీచర్లతో మాట్లాడుకుని, బడి వేళల్లోనే, ఒకే పని మీద సాగాలి. ఏడాదికోసారి వచ్చి మైకులో స్ఫూర్తి నింపి వెళ్ళడాన్ని నేను సేవ కింద లెక్కవేయను.

ఇది ప్రభుత్వం పని, పన్నులు కట్టాక మళ్ళీ మేమెందుకు మొయ్యాలి అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లో ఉంది. ఖాళీ పోస్టు భర్తీ చేయడం సర్కారు బాధ్యత. ఆ జీతం చందాలతో ఇచ్చి ఖాళీని కప్పిపుచ్చవద్దు. అయినా ఈ ఏడాది మూడో తరగతిలో ఉన్న పాప బదిలీలు, నియామకాలు తేలేదాకా మూడో తరగతిలోనే ఆగదు. పైగా బడి లోపలి లెక్క తెలిసినవాడు సర్కారుకు పెట్టే అర్జీకే బరువుంటుంది. బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉద్యోగం, వారం వారం రావడం కుదరదంటారా? మీరే రానక్కర్లేదు. ముంబయి, వడోదర బడుల్లో వెనకబడిన పిల్లలకు రోజుకు రెండు గంటలు చెప్పింది చుట్టుపక్కల యువతులే. ఆ పిల్లల మార్కులు పెరిగాయి. మీ ఊళ్ళోనూ ఇంటర్ చదివి ఇంటిపట్టున ఉన్న అమ్మాయిలుంటారు. టీచరుకు బదులుగా కాదు, తోడుగా పనిచేసేందుకు వాళ్ళకు గౌరవ వేతనం ఇవ్వండి.

ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు, సెలవులకు బడి మూసేలోపే హెడ్మాస్టరు గారిని కలవండి. నిరుటి గ్రాంటు ఏ నెలకు అయిపోయిందో, మూడో తరగతిలో ఎంతమందికి చదవడం రాదో అడగండి. ఏమివ్వాలో ఆ తర్వాత తేల్చుకోండి.