పాట ఆడవాళ్లది, నడిపించే చెయ్యి ఎవరిది?

(అనంతపురంలో మహిళల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కరువు, వలస, కూలి రేట్ల గురించి మాట్లాడుకోవాల్సిన చోట ఈమె సినిమా సంగీతం గురించి ఏం చెబుతుందని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ సందేహం న్యాయమైనదే. నేను మాట్లాడబోయేది అధికారం గురించి. పదిమంది చేసే పనిని ఒకరు నడిపించాల్సి వచ్చినప్పుడు ఆ ఒకరు ఎవరై ఉండాలని సమాజం అనుకుంటుంది? ఈ ప్రశ్నకు సంగీతంలో దొరికినంత స్పష్టమైన జవాబు మరెక్కడా దొరకదు. ఎందుకంటే అక్కడ స్త్రీ గొంతు లేకుండా పని జరగదు, స్త్రీ మాట మాత్రం చెల్లదు.

పాశ్చాత్య సంగీతంలో వందమంది వాద్యకారుల ముందు చేతిలో చిన్న కర్ర పట్టుకుని నిలబడే మనిషిని కండక్టర్ అంటారు. ఆయన ఏ వాద్యమూ వాయించడు. ఎవరు ఎప్పుడు ఎత్తుకోవాలో, ఎవరు తగ్గాలో, పాట ఎంత వేగంగా సాగాలో నిర్ణయిస్తాడు. ఒపేరాలో అయితే గాయకులు కూడా ఆయన చేతినే చూస్తుండాలి. మన పద్య నాటకంలో ఇలాంటి స్థానం కొంతవరకు హార్మోనిస్టుది. మన సినిమాలో అది సంగీత దర్శకుడిది. బాణీ కట్టడం, స్వరాలు రాసివ్వడం, గాయనికి నేర్పడం, వాద్యబృందాన్ని సాధన చేయించడం, చివరికి ఈ టేకు సరిపోయిందా లేదా అని తేల్చడం ఆయన పని. 1950ల నాటి రికార్డింగులో గాయకులూ వాద్యకారులూ కలిసి ఒకేసారి పాడి వాయించేవాళ్లు. ఒక్క వయొలిన్ తప్పినా పాట మొత్తం మళ్లీ మొదటి నుంచి రావలసిందే. అందువల్ల 'మళ్లీ' అనగలిగిన మనిషికే అధికారం ఉండేది.

ఈ నేలకు ఈ చరిత్రతో దగ్గరి సంబంధం ఉంది. తెలుగు నాటకంలోకి పాటలూ పద్యాలూ తెచ్చి, ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఇక్కడి ధర్మవరం వారే. 2022 నుంచి ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. మన తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి, గౌరవ కుటుంబాల స్త్రీలను రంగస్థలం మీదికి ఆహ్వానించాడు. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు. సురభి వంటి కుటుంబ సమాజాలను మినహాయిస్తే, అప్పటికి మన రంగస్థలం మీద సత్యభామ అంటే ఎక్కువగా చీర కట్టిన మగవాడే. స్థానం నరసింహారావు గొప్ప నటుడు, అందులో అనుమానం లేదు. ఆయన పాటలు గ్రామఫోను రికార్డులుగా ఇళ్లకు చేరాయి. స్త్రీ ఎలా అలగాలో, ఎలా నడవాలో పురుషుడి గొంతులో స్త్రీలు విన్నారు.

నిజానికి ఈ దేశంలో రికార్డు మీదికి మొదట వచ్చింది స్త్రీలే. 1902లో గౌహర్ జాన్ పాడిన రికార్డులతో ఆ చరిత్ర మొదలైంది. దక్షిణాదిన కూడా తొలి రోజుల్లో రికార్డులిచ్చిన వాళ్లలో దేవదాసీ, కళావంతుల కుటుంబాల స్త్రీలు ఎందరో ఉన్నారు. సంగీతం వాళ్ల కులవృత్తి, వాళ్ల జీవనం. కంపెనీలకు వాళ్ల గొంతు కావలసి వచ్చింది, సమాజానికి వాళ్ల స్థానం మాత్రం అక్కర్లేదు. బెంగుళూరు నాగరత్నమ్మ తన సొంత సంపాదనతో తిరువయ్యూరులో త్యాగరాజుకు సమాధి మందిరం కట్టించింది. అక్కడ ఆరాధన జరిపే పురుషుల బృందాలు స్త్రీలను పాడనివ్వలేదు. ఆమె 1927లో స్త్రీల బృందాన్ని విడిగా నిలబెట్టింది. డబ్బు ఆమెది, భక్తి ఆమెది, విద్య ఆమెది. అయినా ఎవరు పాడాలో నిర్ణయించే హక్కు ఆమెకు లేదన్నారు.

ఈ నేపథ్యంలో భానుమతిని చూడాలి.

ఆమె ఒంగోలు ప్రాంతపు దొడ్డవరంలో 1925లో పుట్టింది. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య ఆమెకు సంగీతం నేర్పించాడు. 1939లో 'వరవిక్రయం' సినిమాలో కాళింది వేషంతో వచ్చింది. కట్నం ఇచ్చి కొన్న పెళ్లికొడుకు వద్దని ప్రాణం తీసుకునే అమ్మాయి పాత్ర అది. 1945లో 'స్వర్గసీమ', 1951లో 'మల్లీశ్వరి' ఆమె పేరును ఇంటింటికీ చేర్చాయి. 'మల్లీశ్వరి' కథ రాయలవారి కాలానిది, అంటే మన పెనుకొండను ఏలిన రాజ్యానిది. ఒక పల్లెపిల్ల ఆటపాటలు రాజుగారికి నచ్చుతాయి. పల్లకీ వస్తుంది. బంగారం ఆమె ఇంటికి వెళుతుంది, ఆమె రాణివాసానికి వెళుతుంది. కళను మెచ్చుకోవడం వేరు, కళాకారిణికి స్వేచ్ఛ ఉండటం వేరు అని ఇంత మెత్తగా చెప్పిన సినిమా మనకు తక్కువ. దాని సంగీతం సాలూరి రాజేశ్వరరావుది. భానుమతి అందులో గాయని, నటి. అక్కడిదాకా సమాజానికి అభ్యంతరం లేదు.

ఆమె అక్కడ ఆగలేదు. 1943లో పి.ఎస్. రామకృష్ణారావును పెళ్లి చేసుకుంది. ఇద్దరూ కలిసి 1947లో భరణి పిక్చర్స్ పెట్టారు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తానే దర్శకత్వం వహించి తీసింది. తెలుగులో దర్శకురాలైన మొదటి స్త్రీ ఆమె. మరుసటి ఏడాది వచ్చిన 'చక్రపాణి'కి సంగీత దర్శకత్వం ఆమెదే. తెర మీద నవ్విస్తున్న కథానాయిక, వెనకాల పాట పాడుతున్న గాయని, ఆ పాటకు బాణీ కట్టిన మనిషి, ముగ్గురూ ఒక్కరే. అప్పటికే తెర మీద ఒకరు కనిపించడం, వెనక మరొకరు పాడటం అలవాటైపోతోంది. స్త్రీని ముఖంగా ఒకచోట, గొంతుగా మరోచోట విడదీసిన కాలంలో తన పాట తానే పాడుకున్న నటి ఆమె. 1972లో 'అంతా మన మంచికే', 1982లో పిల్లలతోనే 'భక్త ధ్రువ మార్కండేయ' తీసింది. 1985 నుంచి మూడేళ్లు మద్రాసులో తమిళనాడు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసింది. 2005లో చనిపోయింది.

ఇది ఎలా సాధ్యమైంది? ప్రతిభ వల్ల అని ఊరుకుంటే సామాజిక శాస్త్రం అక్కర్లేదు. ప్రతిభ ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. నేను రెండు కారణాలు చూస్తున్నాను. ఒకటి, చిన్నప్పుడే క్రమబద్ధంగా అందిన విద్య. పాడటం వచ్చినంత మాత్రాన వాద్యబృందానికి ఏం చెప్పాలో రాదు. దానికి శాస్త్రం తెలియాలి. రెండవది, సంస్థ సొంతం కావడం. 'చండీరాణి', 'చక్రపాణి' రెండూ భరణి వారివే. ఎవరో నిర్మాత పిలిచి అంత పని ఆమె చేతిలో పెట్టలేదు. తన ఇంటి సంస్థలో తన చేతిలోకి తాను తీసుకుంది. స్త్రీకి ఆస్తిహక్కు ఎందుకు అని అడిగేవాళ్లకు ఇది కూడా ఒక జవాబు.

మూడో విషయం కూడా చెప్పాలి. భానుమతి అనగానే 'పొగరు' అనే మాట వెంట వచ్చేది. ఆమెది అహంకారం అన్నారు, ఎవరి మాటా వినదన్నారు. ఇటలీ నుంచి వచ్చిన టోస్కనీని అనే కండక్టర్ 1937 నుంచి 1954 దాకా అమెరికాలో ఒక రేడియో వాద్యబృందాన్ని నడిపాడు. ఆ రికార్డులు ఇప్పటికీ గొప్పవిగా వింటారు. ఆయన వాద్యకారుల మీద అరిచేవాడు, తిట్టేవాడు, చేతిలో కర్ర విరిచేసేవాడు. దాన్ని లోకం క్రమశిక్షణ అంది, కళ పట్ల నిష్ఠ అంది. నేను ఆ అరుపుల్ని సమర్థించడం లేదు. ఒకే గుణానికి రెండు పేర్లెందుకని అడుగుతున్నాను. మగవాడు 'మళ్లీ' అంటే పట్టుదల, ఆడది 'మళ్లీ' అంటే పొగరా?

ఇది మన దేశపు వెనకబాటుతనం మాత్రమే కాదు. ఆంటోనియా బ్రికో 1930లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌ను నడిపి మెప్పు పొందింది. అయినా తర్వాత పెద్ద వాద్యబృందం ఏదీ ఆమెకు శాశ్వత స్థానం ఇవ్వలేదు. న్యూయార్క్‌లో స్త్రీల వాద్యబృందాన్ని తానే ఏర్పాటు చేసుకుంది. అదే నగరంలోని మెట్రోపాలిటన్ ఒపేరా 1883లో మొదలైతే, అక్కడ ఒక స్త్రీ, సారా కాల్డ్‌వెల్, మొదటిసారి వాద్యబృందాన్ని నడిపింది 1976లో. తొంభై మూడేళ్లు పట్టింది. మన పార్లమెంటు సమాన వేతన చట్టం చేసిందీ ఆ ఏడాదే. వియన్నా ఫిల్హార్మోనిక్ 1997 దాకా స్త్రీలను సభ్యులుగా చేర్చుకోలేదు. ఆ ఏడాది సభ్యత్వం పొందిన ఆనా లెల్కెస్ అంతకు ముందు ఇరవై ఏళ్లకు పైగా వాళ్లతోనే హార్ప్ వాయిస్తూ వచ్చింది. పనికి ఉంది, పట్టికలో లేదు.

మన దగ్గర మరో ప్రయత్నం కూడా జరిగింది. 1968లో సావిత్రి 'చిన్నారి పాపలు' సినిమాకు దర్శకత్వం వహించింది. నిర్మాత స్త్రీ. సంగీతం పి. లీల. ముఖ్యమైన బాధ్యతలన్నీ స్త్రీలే తీసుకున్నారు. సినిమా ఆర్థికంగా దెబ్బతింది. మగవాళ్లు తీసిన సినిమాలు ఏటా ఎన్నో పోతాయి. దానివల్ల మగవాళ్లు సినిమా తీయలేరని ఎవరూ తీర్మానించరు. స్త్రీలు నడిపిన ఒక్క ప్రయత్నం పోతే అది స్త్రీజాతి మీద తీర్పవుతుంది. ఆ తర్వాత 1990లలో ఎం.ఎం. శ్రీలేఖ వచ్చేదాకా తెలుగు సినిమాలో సంగీత దర్శకురాలి పేరు చెప్పాలంటే వెతుక్కోవలసి వచ్చింది. గాయనుల పేర్లు మాత్రం పదులకొద్దీ చెప్పగలం.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. ధర్మవరం పట్టుచీర దేశమంతా తెలుసు. ఆసు పోసేది, కండెలు చుట్టేది, మగ్గానికి పడుగు సిద్ధం చేయడంలో చెయ్యేసేది ఎక్కువగా ఆడవాళ్లు. నేతగాడని పేరు మాత్రం మగ్గం మీద కూర్చున్నవాడిది. శనక్కాయల చేలో కలుపు తీసేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే మిగతా వాళ్లు అందుకుంటారు. ఆ పాట వేగానికే చేతులు కదులుతాయి. పరిశోధన కోసం పల్లెల్లో తిరిగేటప్పుడు ఆ పాటెత్తే మనిషిని గమనించాను. ఎవరు అలిసిపోయారో చూసి పాట వేగం తగ్గించేది ఆమే. వాద్యబృందాన్ని నడిపే విద్య అంటే ఇదే. ఆమెకు దాని పేరు తెలియదు, దానికి కూలి లేదు.

పంచాయతీల్లో చూడండి. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి స్త్రీలకు మూడో వంతు స్థానాలిచ్చింది. మన రాష్ట్రంలో 2011లో అది సగమైంది. కుర్చీ వచ్చింది. కానీ సర్పంచి సంతకం పెడుతుంటే పక్కన కూర్చుని మాట్లాడేది భర్త అయిన ఊళ్లు ఎన్ని లేవు? గొంతు మనది, నిర్ణయం వాళ్లది. రికార్డింగు థియేటర్‌లో జరిగిందే పంచాయతీ ఆఫీసులోనూ జరుగుతోంది.

అందుకని మూడు పనులు ప్రతిపాదిస్తున్నాను. మొదటిది, మన సంఘాల్లో ఆడపిల్లలకు పాటతో పాటు వాద్యం, స్వరం రాయడం, పదిమందిని కూడగట్టి సాధన చేయించడం నేర్పాలి. రెండవది, మన పల్లెల్లో పాటెత్తే స్త్రీల పాటలను వాళ్ల అనుమతితో, వాళ్ల పేరుతో రికార్డు చేయాలి. 'జానపదం' అని రాసి పాడిన మనిషి పేరు ఎగరగొట్టే అలవాటుకు మనం ఒప్పుకోకూడదు. మూడవది, సభల్లో, సమావేశాల్లో సర్పంచి అయిన స్త్రీ స్వయంగా మాట్లాడేదాకా మిగతా స్త్రీలు ఆమె పక్కన నిలబడాలి. మొదటిసారి గొంతు వణుకుతుంది, వణకనివ్వండి. ఆ మాట ఆమెదే అయి ఉండటం ముఖ్యం.

భానుమతి పాటలు ఈసారి వినేటప్పుడు, ఆ గొంతు ఎంత బాగుందో అనుకోవడంతో ఆగకండి. ఆ వయొలిన్లు ఎవరు చెబితే ఎత్తుకున్నాయో కూడా అడగండి. 'చక్రపాణి' పాటలైతే జవాబు ఒక స్త్రీ పేరు. ఇలాంటి జవాబులు పెరగాలి.