అందరి లెక్కా సరైనదే, అయినా...

(సిబ్బంది కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మనిషి లాభనష్టాలన్నీ బేరీజు వేసుకునే నిర్ణయం తీసుకుంటాడని ఆర్థికశాస్త్రం చాలాకాలం నమ్మింది. అంత సమాచారం, అంత తీరిక ఎవరికీ ఉండవన్నారు హెర్బర్ట్ సైమన్. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అసలు చిక్కు ఇంకొకటి ఉంది. ఎవరికి వారు సరిగ్గా లెక్క చూసుకున్నా, అందరూ కలిసి నష్టపోవచ్చు.

1973 డిసెంబరులో జపాన్‌లోని తొయోకవ ప్రాంతంలో జరిగింది చూడండి. అక్కడి సహకార బ్యాంకులో ఉద్యోగం ఖాయమైన ఒక విద్యార్థినిని రైల్లో స్నేహితురాలు ఆటపట్టించింది: "బ్యాంకా? ప్రమాదం సుమా!" ఆమె అన్నది దొంగల గురించి. ఆ మాట ఇంటికెళ్లి "ఆ బ్యాంకు ప్రమాదంలో ఉందా?" అనే ప్రశ్న అయింది. నాలుగు నోళ్లు తిరిగి వార్త అయింది. కొద్ది రోజులకు ఒకాయన లాండ్రీ షాపులో ఫోను అడిగి తీసుకుని, ఆ బ్యాంకు నుంచి 12 లక్షల యెన్‌లు తీయమని ఇంటికి చెప్పాడు. ఆయనకు పుకారు సంగతే తెలియదు, వ్యాపారానికి డబ్బు కావాలి, అంతే. విన్న షాపువాళ్లకు మాత్రం అదే రుజువైంది. తమ డబ్బు తీసుకుని, తెలిసినవాళ్లకూ చెప్పారు. బ్యాంకు ముందు జనం బారులు తీరారు. నోట్ల కట్టలు అందరికీ కనపడేలా పేర్చి చూపించాల్సి వచ్చింది.

ఇందులో తెలివితక్కువవాళ్లు ఎవరు? ఎవరూ కాదు. పదిమంది తీసుకుంటుంటే పదకొండోవాడు తీసుకోవడం జాగ్రత్తే. కానీ డిపాజిట్లు అప్పులుగా బయట ఉంటాయి. అందరూ ఒకేసారి వస్తే నిక్షేపంలాంటి బ్యాంకు కూడా తట్టుకోలేదు. పైగా అది చమురు సంక్షోభం నాటి సంగతి, జనం అప్పటికే బెదిరి ఉన్నారు. ఎండుగడ్డిలో పడిన నిప్పురవ్వ అది.

మన దేశంలో 1960లో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడ్డాక, 1962లో డిపాజిట్ బీమా వచ్చింది. మొదట హామీ 1,500 రూపాయలు. 2020 నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షలు. పరుగెత్తాల్సిన అవసరమే తగ్గించడం దీని కిటుకు.

ఇరుగుపొరుగు ముందుగా అడిగేది మిమ్మల్నే: "మీవారి బ్యాంకు బాగానే ఉందా?" అని. కసురుకోకండి. "మీకెవరు చెప్పారు? వాళ్లకెలా తెలిసింది?" అని నెమ్మదిగా అడగండి. బీమా సంగతి చెప్పండి. వాట్సాప్‌లో వచ్చినదాన్ని ముందుకు పంపేముందు అవే ప్రశ్నలు మనమూ వేసుకుందాం. గొలుసు తెగడానికి ఒక్క లంకె చాలు.