వేకువ నమాజు - ఇల్లాలి పొద్దు

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



తెల్లవారుజామున లేవాలని ఒక ఆడమనిషి మరొక ఆడమనిషికి చెప్పబోవడం కొంచెం నవ్వు పుట్టించే విషయమే. ఇంట్లో అందరికంటె ముందు లేచేదీ, అందరికంటె వెనక నడుం వాల్చేదీ మనమే గదా! అయితే యీ పూట నేను మాట్లాడదలచినది పాలకోసమో, పంపునీళ్ల కోసమో లేవడం గురించి కాదు. ఇస్లాములో ఫజర్ అనే వేకువ నమాజు గురించి. దానితోపాటు, ఆ నమాజును కొన్నేళ్లపాటు పోగొట్టుకుని మళ్లీ దొరకబుచ్చుకున్న నా సంగతి కూడా దాచకుండా చెబుతాను.

రోజుకు ఐదు నమాజులని మీలో చాలామందికి తెలుసు. ఫజర్, జొహర్, అసర్, మగ్రిబ్, ఇషా. వీటిలో చిన్నది ఫజరే. రెండు రకాతులు సున్నత్, రెండు రకాతులు ఫర్జ్. వజూ చేసుకోవడంతో కలిపినా పదిహేను నిమిషాలు పట్టదు. కాని అన్నిటికంటె బరువైనది కూడా అదే. ఎందుకంటే మిగిలిన నాలుగింటికీ పని అడ్డం వస్తుంది, దీనికి నిద్ర అడ్డం వస్తుంది. పనిని పక్కన పెట్టవచ్చు. నిద్రను పక్కన పెట్టాలంటే ముందు మెలకువ రావాలి! అందుకే వేకువ అజాన్‌లో మాత్రం, నిద్ర కంటె నమాజు మేలన్న మాటను రెండుసార్లు ఎక్కువగా పలుకుతారు. మిగతా నాలుగు వేళలా ఆ మాట వుండదు.

దీని వేళ ఎప్పుడంటారా? పెద్దలు రెండు వేకువలున్నాయంటారు. మొదట తూర్పున ఒక తెల్లటి చార నిలువుగా లేస్తుంది. అది కొంతసేపటికి మళ్లీ చీకట్లో కలిసిపోతుంది. దాన్ని అబద్ధపు వేకువ అంటారు. తరువాత ఆకాశం అంచువెంబడి ఆ చివరనుంచి యీ చివరకు వెలుగు అడ్డంగా పరుచుకుంటుంది. అదీ నిజమైన వేకువ. అప్పటినుంచి సూర్యుడు పొడిచేవరకు ఫజర్ వేళ. మన ప్రాంతంలో అది గంటా పదిహేను, గంటా ఇరవై నిమిషాలుంటుంది. మహబూబ్‌నగర్‌లో జూన్ మొదట్లో సూర్యోదయం 5.45 ప్రాంతంలో అవుతుంది, కాబట్టి ఫజర్ 4.25కే మొదలవుతుంది. జనవరి నడుమ సూర్యోదయం 6.50 ప్రాంతంలో, అప్పుడు ఫజర్ 5.35కు గాని మొదలుకాదు. నల్లగొండ తూర్పున వుంది గనక అక్కడ ఐదు నిమిషాలు ముందే తెల్లవారుతుంది. హిందూ సోదరీమణులు బ్రాహ్మీ ముహూర్తమనేది సూర్యోదయానికి 96 నిమిషాల ముందునుంచి 48 నిమిషాల ముందువరకు. అంటే, మీరు దీపం వెలిగించే వేళా, మేము వజూ చేసుకునే వేళా సగానికి సగం ఒకటేనన్నమాట.

మాది నల్లగొండ దగ్గర, లతీఫ్ సాహెబ్ గుట్ట కనిపించే పల్లె. దూదేకుల కుటుంబం. ఇంట్లో మాటలన్నీ తెలుగే, నమాజు మాత్రం అరబ్బీ. మా మసీదుకు అప్పట్లో మైకు లేదు. ఒక ముసలాయన గోడమీద చెయ్యి ఆనించి అజాన్ ఇచ్చేవాడు. ఆ గొంతు మా వాడకే కాదు, వూరంతటికీ గడియారం. పక్కింటి గొల్లవారి అవ్వ, "సాయిబు పిలిచె, ఇంక లేవుండ్రి" అని కోడళ్లను లేపి పాలు పిండేది. మోట కట్టేవాళ్లు ఎద్దులను తోలుకుని బావులకు పోయేవాళ్లు. మా అమ్మ మాత్రం అజాన్‌కు ముందే లేచేది. వాకిలి వూడ్చి, సాన్పి చల్లి, వజూ చేసుకుని చాప పరుచుకునేది. మన ప్రాంతంలో నమాజు పడమటి దిక్కుకు తిరిగి చేస్తాం. వెనకాల తలుపు తీసి వుండేది. అమ్మ నమాజుకు నిలబడ్డప్పుడు ముందున్న గోడ నల్లగా వుండేది. సలాం తిప్పి లేచేసరికి ఆ గోడమీద సన్నటి వెలుగు పడేది. నేను దుప్పట్లోనుంచి ఆ గోడనే చూసేదాన్ని. తెల్లవారడమంటే నాకు ఇప్పటికీ ఆ గోడే.

పదేళ్లకే నాకు కూడా అలవాటయింది. పెళ్లయ్యేవరకు తప్పలేదు.

పెళ్లయి మహబూబ్‌నగర్ వచ్చాను. ఇది ముప్ఫయి అయిదేళ్లకు పైబడిన మాట. మావారు షాద్‌నగర్‌లో పని చేసేవారు. ఆరున్నర బస్సు దాటితే కష్టం. అత్తగారికి మందులు, ఇద్దరు పిల్లలు, ఒకే కిరసనాయిలు పొయ్యి. రాత్రి అంట్లు తోమి పడుకునేసరికి పదకొండున్నర. అలారం ఐదుంబావుకు. చలికాలంలో నమాజుకు వేళ వుండేది గాని తీరిక వుండేది కాదు. ఎండాకాలంలో అలారం మోగేసరికి వేళ చివరికి వచ్చేది. ముందు పాలు, తరువాత టిఫిను అనుకుంటూ వుండగానే పొద్దు పొడిచేది. మొదట్లో వారానికి ఒకరోజు తప్పేది. తరువాత వారానికి ఒకరోజు దక్కేది. ఆ తరువాత అదీ లేదు. అలవాటు ఒక్కరోజులో పోదమ్మా, పాలగిన్నెకు పడ్డ చిల్లులాగ చుక్కచుక్కగా పోతుంది. గిన్నె ఖాళీ అయిన రోజున, ఎప్పుడయిందో మనకే తెలియదు.

అమ్మ ప్రతి ఉత్తరంలో ఒక మాట రాయించేది. "నమాజు నడుస్తున్నదా బిడ్డా?" అని. నేను ప్రతి జవాబులో "నడుస్తున్నది" అని రాసేదాన్ని. నమాజు పోయినందుకంటె ఆ ఒక్క మాట రాసేటప్పుడు నా చెయ్యి ఎక్కువ వణికేది. నాలుగేళ్లు అలా రాశాను.

ఒక వేసవిలో పెద్దవాడికి వారంరోజులు జ్వరం తగ్గకపోతే అమ్మ సాయానికి వచ్చింది. మొదటిరోజు తెల్లవారగట్ల చప్పుడు కాకుండా లేచి నమాజు చేసుకుంది. నన్ను లేపలేదు. రెండోరోజూ లేపలేదు. నేను మేలుకునే వున్నాను, కళ్లు మూసుకుని పడుకున్నాను. సిగ్గు అంత చెడ్డది. మూడోరోజు నా కాళ్ల దగ్గర కూర్చుని పాదంమీద చెయ్యి వేసింది. "నీళ్లు పెట్టిన బిడ్డా" అంది, అంతే. నాకు ఏడుపు ఆగలేదు. ఉత్తరాల్లో రాసినదంతా అబద్ధమని చెప్పేశాను.

తిడుతుందనుకున్నాను. అమ్మ ఒక కథ చెప్పింది. ప్రవక్తగారు ఖైబర్‌నుంచి మదీనాకు తిరిగి వస్తున్నారు. రాత్రంతా నడిచి అలిసిపోయి ఒకచోట దిగారు. అందరూ పడుకుంటే ఫజర్‌కు లేపే పని బిలాల్‌గారికి అప్పగించారు. బిలాల్ అంటే ఎవరు? మొట్టమొదట అజాన్ ఇచ్చినాయన, లోకాన్ని లేపినాయన. ఆయన చాలాసేపు మేలుకుని, వేకువ దగ్గరపడ్డాక తూర్పుకు తిరిగి ఒంటెకు ఆనుకుని కూర్చున్నారు. కూర్చున్నవారు కూర్చున్నట్టే నిద్రపోయారు! ఎండ చురుక్కుమన్నాక గాని ఒక్కరికీ మెలకువ రాలేదు. ముందు ప్రవక్తగారే లేచారు. బిలాల్‌ను అడిగితే, మిమ్మల్ని కమ్ముకున్న నిద్రే నన్నూ కమ్ముకుందన్నారాయన. ప్రవక్తగారు కోపగించుకోలేదు. అక్కడినుంచి కొంచెం దూరం జరిగి, వజూ చేసుకుని, అందరూ కలిసి నమాజు చేశారు. మరచిపోయినవాళ్లు గుర్తుకు రాగానే చేసుకోవాలని చెప్పారు.

కథ చెప్పి అమ్మ ఇలా అంది. "బిలాల్‌గారికే నిద్రొచ్చింది. నీకు రాదా? యాదికొచ్చినప్పుడు చేసుకో. కాని బిడ్డా, నీకు నిద్ర ఎక్కువగాలే, పని ఎక్కువయింది. గది జూడాలె ముందుగాల."

ఆ రోజు సాయంత్రం అమ్మ మావారితో మాట్లాడింది. అల్లుడి ఎదురుగా కొంగు సర్దుకుని గోడవైపు చూస్తూ, "నాయినా, పొద్దుగాల పాలు కాచుడు మీరు జూడుండ్రి. పిల్ల పావుగంట నమాజు చేసుకుంటది" అంది. మావారికి ఒక్క క్షణం మాట రాలేదు. నమాజుకోసం ఇంటి యజమాని పొయ్యి దగ్గర నిలబడాలా అన్న ఆలోచన ఆయన ముఖంలో కనిపించింది. అమ్మ అది చూసి ఇంకొక మాట చెప్పింది. ప్రవక్తగారు ఇంట్లో ఏం చేసేవారని ఎవరో ఆయిషాగారిని అడిగితే, ఇంటివాళ్ల పనుల్లో సాయపడేవారనీ, నమాజు వేళ కాగానే వెళ్లేవారనీ ఆమె చెప్పారు. హదీసుల్లో వున్న మాట ఇది. మావారు మర్నాడు పాలు కాచారు. నిజం చెప్పాలంటే సగం పొంగించారు. నాలుగు రోజులకు చేతనయింది. తరువాత తరువాత ఆయన కూడా నాతోపాటే లేచి మసీదుకు వెళ్లడం మొదలుపెట్టారు. భార్యను భర్త, భర్తను భార్య రాత్రి నమాజుకు లేపుకోవాలని, లేవకపోతే ముఖంమీద కాసిని నీళ్లు చిలకరించవచ్చని ఇంకొక హదీసు వుంది. నీళ్లు చిలకరించే హక్కు ఇద్దరికీ సమానంగా వుండడం గమనించండి!

ఇక నా అనుభవంలో నేర్చుకున్న నాలుగు సంగతులు చెబుతాను. మీరు ఏ మతస్థులైనా, తెల్లవారుజామున ఏ పనికి లేవాలనుకున్నా ఇవి పనికివస్తాయి.

మొదటిది, వేకువ ముందురోజు రాత్రే మొదలవుతుంది. ఇషా నమాజు తరువాత వూరికే ముచ్చట్లు పెట్టుకుని కూర్చోవడం ప్రవక్తగారికి నచ్చేది కాదు. అప్పుడు ముచ్చట్లు, ఇప్పుడు టీవీ, చేతిలో సెల్‌ఫోను. పదిన్నరకు దీపం ఆర్పే ఇంట్లో ఐదింటికి లేవడం కష్టం కాదు. కూరగాయలు తరిగి పెట్టుకోవడం, బియ్యం ఏరి పెట్టుకోవడం రాత్రే అయిపోవాలి.

రెండవది, మెలకువ వచ్చినా మంచంమీదే వుండిపోకూడదు. నిద్రపోయే మనిషి తలవెనక సైతాను మూడు ముడులు వేస్తాడని హదీసులో వుంది. లేవగానే దేవుణ్ణి తలుచుకుంటే ఒకటి, వజూ చేస్తే రెండవది, నమాజు చేస్తే మూడవది విడిపోతాయట. చన్నీళ్లతో చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతులదాకా కడుక్కుని, తల తడుముకుని, పాదాలు కడుక్కున్నాక ఇంకా నిద్ర వస్తుందేమో మీరే చూడండి.

మూడవది, పిల్లల్ని తిట్టి లేపవద్దు. తిట్లతో లేచిన పిల్లకు నమాజన్నా, చదువన్నా ఆ తిట్లే గుర్తుకు వస్తాయి. పాదంమీద చెయ్యి వేసి లేపండి. మా అమ్మ చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తు.

నాలుగవది, తప్పిపోయిన రోజున దాచవద్దు, దిగులుతో మానేయవద్దు. సూర్యుడు పొడుస్తున్న ఆ కాసేపు ఆగి, పొద్దు కొంచెం పైకి వచ్చాక చేసుకోండి. నెలసరి రోజుల్లో, ప్రసవమయ్యాక మనకు నమాజు లేదు. ఆ నమాజులు తరువాత తీర్చనక్కరా లేదు. ధర్మమే అంత వెసులుబాటు ఇచ్చినప్పుడు మనల్ని మనం ఎక్కువగా కొరడా దెబ్బలు కొట్టుకోవడం దేనికి?

ఇవాళ మన పిల్లలు ఎక్కడెక్కడో వుంటున్నారు. లండను వంటి చోట జూన్ నెలలో రాత్రంతా పూర్తి చీకటే పడదు, ఐదు కాకముందే సూర్యుడు వస్తాడు. డిసెంబరులో ఎనిమిది దాటితే గాని రాడు. అటువంటి చోట కూడా వేళలు లెక్క కట్టుకుని ఫజర్ చేసుకునేవాళ్లున్నారు. మనకు ఎండాకాలానికీ చలికాలానికీ తేడా గంటా పది నిమిషాలే.

ఆ పావుగంటలో నాకు ఏం దొరికిందని అడుగుతారేమో. పుణ్యం సంగతి దేవుడికి తెలుసు. నాకు తెలిసింది ఒకటే. ఇరవై నాలుగు గంటల్లో ఎవరి అమ్మనూ, ఎవరి భార్యనూ, ఎవరి కోడలినీ కాకుండా నేను నేనుగా నిలబడే సమయం అదొక్కటే. పాలు పొంగినా, బస్సు పోయినా ఆ పావుగంట నాది.

అమ్మ తన పల్లెకు వెళ్లిపోయాక వారానికి ఒక ఉత్తరం వచ్చింది. చివర ఎప్పటి మాటే. "నమాజు నడుస్తున్నదా బిడ్డా?" నేను జవాబు రాశాను. "వారంలో ఐదురోజులు నడిచింది అమ్మా, రెండు రోజులు పొద్దెక్కినాక చేసుకున్న" అని. చెయ్యి వణకలేదు.