వార్త వేరు, రాక వేరు



వేసవి సెలవులు వచ్చిన వెంటనే చుట్టపక్కాల ఇండ్లకు బయలుదేరు కుటుంబములతో మన రైళ్లు, బస్సులు నిండిపోవుచుండును. ఇట్టి ప్రయాణమును మనము వినోదముగానో, వ్యయముగానో లెక్కించుచుందుము. శ్రీమద్భాగవత దశమస్కంధమున దీనికి ఉన్నతమైన స్థానమున్నది. ఆ ఘట్టమును నేడు స్మరించుకొందము.

మహా సూర్యగ్రహణము రానున్నదని తెలిసి నానాదేశముల ప్రజలు కురుక్షేత్రమునందలి శమంతపంచకమునకు చేరిరి. యాదవులును ద్వారకనుండి తరలివచ్చిరి. ఇంటిల్లిపాదియు ఒక్కసారిగా కదలుట ఏ కాలమునందైనను కష్టమే గదా! నగరరక్షణకై అనిరుద్ధుడు, కృతవర్మ వెనుక నిలిచిరి. అచ్చట కుంతీదేవి తన పుట్టింటివారిని కలిసికొనెను. నందయశోదలు తాము పెంచిన బిడ్డలను కన్నులారా చూచిరి.

కుంతి తన సోదరుడైన వసుదేవునితో నిష్ఠురమాడెను. తాను ఆపదలపాలైనప్పుడు పుట్టింటివారు తలచుకొననైనను లేదనియు, దైవము అనుకూలింపనివారిని అయినవారే మరచెదరనియు ఆమె బాధ. కంసుని పీడచేత తాము తలకొక దిక్కుగా చెదరిపోయితిమనియు, ఈ మధ్యనే స్వస్థానమునకు చేరితిమనియు వసుదేవుడు చెప్పెను. అది సత్యమే. అయినను ఆడపడుచు ఎదురుచూచునది సోదరుని రాకకు గాని, రాలేకపోయిన కారణమునకు కాదు.

ఇక నందయశోదల సంగతి. శ్రీకృష్ణుడు మథురలో నుండగా ఉద్ధవుని వ్రేపల్లెకు పంపెను. అతడు కొన్ని నెలలు అచ్చటనే యుండి వారిని ఊరడించెను. తరువాతి కాలమున బలరాముడు స్వయముగా వెళ్లి రెండు నెలలు గడపెను. ఇంత జరిగినను, శమంతపంచకమున బిడ్డలను ఒడిలోనికి తీసికొని హత్తుకొనినప్పుడే ఆ తల్లిదండ్రుల దుఃఖము తీరినదట. రామకృష్ణులకు కన్నీటిచే గొంతు పూడుకొనిపోయి మాట రాలేదట. రెప్పలు కన్నులను కాచినట్లు మా బిడ్డలను కాచితివని దేవకీరోహిణులు యశోదను కౌగిలించుకొనిరి.

నేడు మన పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో ఉన్నారు. ఫోనులో ముఖములు చూచుకొనుచున్నాము. అది మంచిదే, ఉద్ధవుని రాక వంటిది. కాని తల్లి గోడ పట్టుకొని నడచుచున్న సంగతి ఫోనులో తెలియదు. "బాగున్నాను నాయనా" అని ఆమె అనును. ఆ మాట నమ్మి మనము నిశ్చింతగా నుందుము. నాలుగు దినములు ఆ ఇంట భోజనము చేసినవారికే అసలు సంగతి తెలియును.

వీడ్కోలు సమయమున వసుదేవుడు పాతమిత్రుడైన నందుని చేయి పట్టుకొని కంటతడి పెట్టెను. శక్తి లేనినాడు నీకు మేలు చేయలేకపోతిమి, సంపద కలిగిననాడు ఎదుటనున్నను నిన్ను చూడకున్నాము అని ఆయన మాటల భావము. మన బ్రతుకులును ఇంతియే గదా! చదువుకొనునాడు చార్జీలకు డబ్బు లేదు. ఉద్యోగము వచ్చిననాడు సెలవు లేదు. సెలవు దొరకిననాడు ఊరిలో ఆ మనిషి లేడు.

గోదావరి పుష్కరములు 12 ఏండ్లకొకసారి వచ్చును. 2003లో మనతో కలిసి మునిగినవారిలో 2015లో ఎందరు మిగిలిరో ఎవరి ఇంట వారు లెక్క చూచుకొనవచ్చును. 2027లో పుష్కరములు మరల వచ్చును. బృహస్పతి సింహరాశికి తప్పక తిరిగివచ్చును. మనుష్యులు అట్లు రారు.

కావున భక్తులారా, పెండ్లికో, కర్మకాండకో తప్ప బంధువుల గడప తొక్కని అలవాటును మానుకొందము. ఏ శుభాశుభములు లేని దినములలోనే వెళ్లుదము. తల్లిదండ్రులను, ఆడపడుచును చూచి, అదే ఊరిలోని చిన్ననాటి మిత్రుని అరుగుపై ఒక పూట కూర్చుండి వత్తము. తిరుగు ప్రయాణమునకు తొందరపడవలదు. నేడు పోదును, రేపు పోదును అనుచునే నందుడు మిత్రుని ప్రీతికై మూడు నెలలు అచ్చట నుండెను. మనకు మూడు నెలలు సాధ్యము కాకున్నను, పెద్దలు "రేపు వెళ్లుదువులే" అన్నప్పుడు ఆ ఒక్క దినమైనను ఆగుదము.

స్వస్తి.